చావు వెనుక చరిత్ర: ఇల్లులేని మనిషిపై స్టీఫెన్ హ్వాంగ్ పరిశోధన

మన కథల్లో ఇల్లులేని మనిషి సాధారణంగా చివరి పేరాలో చనిపోతాడు. తెల్లవారేసరికి రైల్వేస్టేషన్ బయటో, గుడి మెట్ల మీదో, మూసిన కొట్టు అరుగు మీదో కట్టెగా మిగులుతాడు. మునిసిపాలిటీ బండి వస్తుంది. రచయిత ఒక నిట్టూర్పు విడుస్తాడు, లేదా ఒక వ్యంగ్యబాణం వేస్తాడు. కథ ముగుస్తుంది. ఇది ఒకరిద్దరు రచయితల లోపం కాదు. అభ్యుదయ దృక్పథంతో రాసిన కథల్లో సైతం పాతుకుపోయిన అలవాటు. వస్తువు ప్రగతిశీలమైనదే. కాని ఆ చావు ఏ వయసులో, ఏ రోగంతో, ఎన్ని తలుపులు తట్టిన తరువాత వచ్చిందన్నది కథకు అక్కర్లేకుండా పోతున్నది. చలి చంపింది, ఆకలి చంపింది అంటే సరిపోతున్నది. అలా చెప్పినప్పుడు చలీ ఆకలీ వానా వరదల్లాగా ప్రకృతి శక్తులుగా మారిపోతాయి. ఏ వ్యవస్థను దోషిగా నిలబెట్టాలని రచయిత కలం పట్టాడో ఆ వ్యవస్థే కథలోంచి నెమ్మదిగా తప్పుకుంటుంది.

ఈ లోపాన్ని స్పష్టంగా చూడడానికి సాహిత్యానికి బయటి రచనలు కొన్ని మనకు ఉపయోగపడతాయి. కెనడాలోని టొరంటో నగరంలో సెయింట్ మైకేల్స్ ఆసుపత్రి వైద్యుడు స్టీఫెన్ హ్వాంగ్ పరిశోధన అలాంటిది. ఆయన పాతికేళ్లకు పైగా ఇల్లులేని వారి ఆరోగ్యం మీద పనిచేస్తున్నారు. ఆయన రాసినవి వైద్య పత్రికల్లోని వ్యాసాలు. వాటిలో ఉపమానాలుండవు, ఆవేశం ఉండదు. అయినా వాటిని వరుసగా చదివితే ఒక పెద్ద సామాజిక నవలకు కావలసిన కార్యకారణ సంబంధాలు వాటిలో కనిపిస్తాయి. ఏవి కనిపించవో కూడా తెలుస్తుంది. ఈ రెండూ మనకు ముఖ్యమే.

1. రోగం పేరు, చావు రేటు

హ్వాంగ్ తొలి ముఖ్య రచన అమెరికాలోని బోస్టన్ నగరం మీద. అక్కడ ఇల్లులేని వారికి వైద్యం అందించే ఒక సంస్థ దగ్గరకు 1988 నుంచి 1993 దాకా వచ్చిన 17,292 మంది పెద్దల వివరాలను మరణ నమోదులతో పోల్చి 1997లో ఆ వ్యాసం ప్రచురించారు. చనిపోయిన వారి సగటు వయసు 47 ఏళ్లు. 18 నుంచి 24 ఏళ్ల మగవాళ్లలో మరణానికి మొదటి కారణం హత్య. 25 నుంచి 44 ఏళ్ల వారిలో ఎయిడ్స్. 45 నుంచి 64 ఏళ్ల వారిలో గుండెజబ్బు, క్యాన్సర్.

ఈ నాలుగు వాక్యాలనూ మన కథలోని చివరి పేరా పక్కన పెట్టి చూడండి. చలి ఎక్కడుంది? బోస్టన్‌లో మంచు పడుతుంది, మంచులో మనుషులు చనిపోతారు, అది నిజమే. కాని ఎక్కువమందిని చంపింది అది కాదు. ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి సాటి మనిషి చంపాడు. యాభై ఏళ్ల మనిషిని మేడలో ఉండేవాడికి కూడా వచ్చే గుండెజబ్బే చంపింది. అయితే మేడలో ఉన్నవాడు ఆ జబ్బుకు మందు మింగి మరో పాతికేళ్లు బతికాడు. రోడ్డు మీది రోగం ప్రత్యేకమైన రోగం కాదు. అందరికీ వచ్చే రోగమే అక్కడ ముందుగా వస్తుంది, ముందుగా చంపుతుంది.

ఇదే బోస్టన్ సంస్థ వివరాలను మరొకసారి పరిశీలించిన వ్యాసం 2013లో వచ్చింది. ట్రావిస్ బ్యాగెట్ ప్రధాన రచయిత, హ్వాంగ్ సహ రచయిత. ఈసారి లెక్కలోకి వచ్చినవారు 2003 నుంచి 2008 దాకా నమోదైన 28,033 మంది. మధ్యలో గడిచింది పదిహేనేళ్లు. ఎయిడ్స్‌కు మంచి మందులు వచ్చాయి, దానితో చనిపోయేవాళ్లు బాగా తగ్గారు. ఆ స్థానంలోకి మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోవడం వచ్చింది. మొత్తం మరణాల రేటు మాత్రం ఏమీ తగ్గలేదు.

హ్వాంగ్ పరిశోధనలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. రోగం పేరు మారింది, చావు రేటు మారలేదు. అంటే రోగమన్నది ఆ చావుకు దగ్గరి కారణం మాత్రమే. ఒక రోగాన్ని మందు ఆపితే ఆ ఖాళీలోకి మరొకటి వచ్చి చేరుతుంది. ఖాళీని తయారుచేస్తున్నది వేరే ఉన్నది. మార్క్స్, ఎంగెల్స్‌లను చదివిన వారికి ఇది కొత్త సూత్రమేమీ కాదు. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో డాక్టర్ల నివేదికలను, ప్రభుత్వ నివేదికలను దగ్గర పెట్టుకునే ఆ మరణాలను సామాజిక హత్యలన్నాడు. అయితే సూత్రం తెలిసి ఉండడం వేరు, 28,033 మంది జీవితాల్లో అది రుజువు కావడం వేరు.

2. పోలిక ఎవరితో?

టొరంటో మీద హ్వాంగ్ రాసిన వ్యాసం 2000లో వచ్చింది. నగరంలోని రాత్రి వసతి గృహాలను వాడుకున్న 8,933 మంది మగవాళ్ల మరణాలను 1995-97 మధ్య పరిశీలించారు. సాధారణ జనంతో పోలిస్తే 18-24 ఏళ్ల వారిలో మరణాల రేటు 8.3 రెట్లు, 25-44 ఏళ్ల వారిలో 3.7 రెట్లు, 45-64 ఏళ్ల వారిలో 2.3 రెట్లు ఉన్నది.

ఈ అంకెలను పైపైన చదివితే, వయసు పెరిగినకొద్దీ ఇల్లులేని మనిషికి ప్రమాదం తగ్గుతున్నదని అనిపిస్తుంది. అది తప్పు. వయసు పెరిగినకొద్దీ ఇల్లున్నవాళ్లు కూడా చనిపోతారు కనుక రెట్లు తగ్గాయి, చావులు తగ్గలేదు. ఇళ్లున్న కుటుంబాల్లో ఇరవై ఏళ్ల పిల్లలు చనిపోవడం చాలా అరుదు. కనుకనే ఆ వయసులో తేడా అంత భయంకరంగా కనిపిస్తుంది. అంకెకు కూడా సందర్భం ఉన్నదని, సందర్భం లేకుండా అంకెను వాడే రచయిత సందర్భం లేకుండా సామెతను వాడే రచయిత వంటివాడేనని ఇక్కడ గ్రహించాలి.

2004లో ఆడవాళ్ల మీద వచ్చిన వ్యాసం మరింత కఠినమైనది. టొరంటో వసతి గృహాల్లోని 18-44 ఏళ్ల స్త్రీలు, అదే నగరంలోని అదే వయసు స్త్రీలకంటే పది రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని అది తేల్చింది. ప్రపంచంలో ఎక్కడైనా ఆడది మగవాడికంటే కొంత ఎక్కువకాలం బతుకుతుంది. ఇల్లు పోయిన యువతికి ఆ ప్రకృతి సిద్ధమైన అనుకూలత కూడా దాదాపుగా పోతున్నది. మన కథల్లో రోడ్డున పడ్డ స్త్రీ అనగానే శీలం గురించిన చర్చ మొదలవుతుంది. ఆమె ఆయుష్షు గురించిన చర్చ ఎంతమంది చేశారు?

2009లో వచ్చిన వ్యాసం సిద్ధాంతపరంగా అన్నిటికన్నా విలువైనది. 1991 కెనడా జనాభా లెక్కల్లో వసతి గృహాల్లో, చౌక అద్దె గదుల్లో, చవక హోటళ్లలో ఉన్నట్లు నమోదైన సుమారు 15,100 మందిని పదకొండేళ్ల పాటు లెక్కల్లో వెంబడించారు. వారిలో మగవాళ్లు 75 ఏళ్లదాకా బతికే అవకాశం నూటికి 32. ఆడవాళ్లకు నూటికి 60. అయితే హ్వాంగ్ ఈసారి వారిని కలిగినవాళ్లతో పోల్చి ఊరుకోలేదు, దేశంలో అతి తక్కువ ఆదాయం ఉన్న అయిదోవంతు జనంతో కూడా పోల్చారు. ఆ పేదల్లో మగవాళ్లకు 75 దాకా బతికే అవకాశం నూటికి 51, ఆడవాళ్లకు 72.

అంటే పేదరికం ఒక మెట్టు, ఇల్లు లేకపోవడం దాని కింద మరో మెట్టు. ‘అంతా పేదరికమే’ అని ఒక్కమాటలో తేల్చేవారికి ఇది సరిపడదు. ఆదాయం తక్కువైనా తలుపు వేసుకునే గది, ఉత్తరం వచ్చే చిరునామా, మందుసీసా పెట్టుకునే గూడు ఉన్నవాడికీ, అవేవీ లేనివాడికీ మధ్య ఆయుర్దాయంలో ఇంత అంతరం ఉన్నది. వర్గ విశ్లేషణ అంటే ఈ అంతరాలను చెరిపేసి అందరినీ పీడితులు అనే ఒక్క పదంలో కలిపెయ్యడం కాదు. అంతరం ఎక్కడ ఏర్పడుతున్నదో చూపించడం. మరొక విషయం కూడా గమనించాలి. ఈ 15,100 మందిలో చౌక అద్దె గదుల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. నెత్తిన కప్పు ఉన్నంతమాత్రాన ఇల్లు ఉన్నట్టు కాదు.

3. కథ ఎక్కడ మొదలవుతుంది?

2008లో వచ్చిన ఒక వ్యాసంలో టొరంటోలోని 904 మంది ఇల్లులేని వారిని తలకు తగిలిన దెబ్బల గురించి అడిగారు. నూటికి 53 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మెదడుకు గాయమైనవారే. వారిలో నూటికి 70 మందికి ఆ మొదటి దెబ్బ ఇల్లు పోకముందే తగిలింది.

తాగి, తూలి, రోడ్డు మీద పడ్డాడు కనుక తల పగిలిందని లోకం అనుకుంటుంది. చాలామంది విషయంలో వరుస తలకిందులుగా ఉన్నదని ఈ లెక్క చెబుతున్నది. ముందు తల పగిలింది. ఏ పనిస్థలంలో, ఏ వాహనం కింద, ఏ తండ్రి చేతిలోనో. మెదడు దెబ్బతిన్న మనిషికి జ్ఞాపకం నిలవదు, కోపం ఆగదు, పని నిలవదు. అద్దె కట్టడం తప్పుతుంది. ఆ దెబ్బే ఇల్లు పోవడానికి కారణమని ఈ పరిశోధన తేల్చి చెప్పలేదు, చెప్పడానికి అది సరిపోదు కూడా. కాని కథను ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఇది గట్టి సూచన. మనం ఫుట్‌పాత్ మీద మొదలుపెట్టి ఫుట్‌పాత్ మీదే ముగిస్తున్నాం. అసలు కథలో చాలా భాగం మనిషి అక్కడికి రాకముందే జరిగిపోయింది.

ఆసుపత్రి సంగతీ చూద్దాం. కెనడాలో వైద్యం ఉచితం, ప్రభుత్వమే బీమా. అయినా టొరంటోలోని ఇల్లులేని వారిలో నూటికి 17 మంది గడచిన ఏడాదిలో తమకు అవసరమైన వైద్యం అందలేదని చెప్పినట్టు హ్వాంగ్ 2010లో రాశారు. హెల్త్ కార్డు పోతే మళ్లీ తెచ్చుకోవడానికి చిరునామా కావాలి. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ గుర్తుండాలి. ఆ సమయానికి క్యూలో నిలబడితే రాత్రి పడక కోసం నిలబడే క్యూ తప్పిపోతుంది. హక్కు కాగితం మీద అందరికీ సమానమే. దాన్ని వాడుకోవడానికి కావలసిన సామగ్రి సమానం కాదు. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలో పనిచేసిన సోషలిస్టు వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో చెప్పిన సూత్రం ఇదే: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా అందుతుంది.

అయితే ఉచిత వైద్యం వల్ల ప్రయోజనమే లేదనుకోవడమూ పొరపాటు. టొరంటో వసతి గృహాల్లోని మగవాళ్ల మరణాల రేటు అమెరికా నగరాల్లోని వారికంటే తక్కువగా ఉన్నదని 2000 నాటి వ్యాసమే చెప్పింది. దానికి కారణం బీమా ఒక్కటే అని ఎవరూ అనలేరు. కాని ‘వ్యవస్థ మొత్తం మారేదాకా ఏదీ మారదు’ అనే మాటను ఈ తేడా కొంచెం ఆలోచించుకొమ్మంటున్నది.

4. ముందు ఇల్లు

ఇల్లులేని మనిషి ముందు తాగుడు మానాలి, మందులు మింగాలి, బుద్ధిగా నడుచుకోవాలి, అప్పుడు ఇల్లిస్తాం అన్నది చాలాకాలం అన్ని దేశాల దానధర్మ సంస్థలూ పాటించిన నీతి. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ ప్రారంభించిన సంస్థ దీన్ని తిరగేసింది. ముందు ఇల్లు, ఏ షరతూ లేకుండా. ఆ తరువాత మిగతావి. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించడానికి కెనడా ప్రభుత్వం 11 కోట్ల డాలర్లు ఇవ్వగా, అక్కడి మానసిక ఆరోగ్య కమిషన్ 2009 నుంచి 2013 దాకా వాంకూవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్ నగరాల్లో పరిశోధన జరిపింది. మానసిక వ్యాధులున్న రెండువేల మందికి పైగా ఇల్లులేని వారిని చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఇల్లు, సహాయకుల బృందం. రెండో గుంపుకు ఊళ్లో మామూలుగా దొరికే సేవలు. టొరంటో పరిశోధకుల్లో హ్వాంగ్ ముఖ్యులు.

నాలుగు నగరాల్లో మధ్యస్థాయి అవసరాలున్న వారి ఫలితాలు 2015లో వెలువడ్డాయి. రెండేళ్లలో ఇల్లు పొందిన గుంపు నూటికి 62.7 నుంచి 77.2 రోజులు స్థిరమైన వసతిలో గడిపింది. రెండో గుంపు 29.7 నుంచి 51.8 రోజులు. నగరాన్ని బట్టి అంకె మారింది గాని తేడా అన్నిచోట్లా ఉన్నది. ‘వీళ్లకు ఇల్లిచ్చినా నిలుపుకోలేరు’ అన్న మధ్యతరగతి నమ్మకం ఇక్కడ కూలిపోయింది.

కాని అదే వ్యాసం మరో విషయాన్ని కూడా దాచకుండా చెప్పింది. ఆరోగ్యానికి సంబంధించిన జీవన నాణ్యతను కొలిచినప్పుడు రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇల్లు వచ్చింది, ఆరోగ్యం వెంటనే వెంట రాలేదు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇల్లివ్వడం దండగ అనేవారికి ఇది ఆయుధంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇది ఆ వ్యవస్థ మీద మోపిన మరింత పెద్ద నేరారోపణలా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లపాటు ఒక శరీరంలోకి ఎక్కించిన నష్టాన్ని రెండేళ్ల ఇల్లు వెనక్కి తియ్యలేదు. మందుగా పనిచేస్తేనే ఇల్లు ఇవ్వాలా? ఆరోగ్యం కోసం ఇల్లు కావాలన్నది పరిశోధకుడికి పనికొచ్చే వాదన. మనిషికి ఇల్లు కావాలి, అంతే, అన్నది మన వాదన కావాలి. కెనడా పార్లమెంటు 2019లో చేసిన చట్టం గృహవసతిని మానవహక్కుగా గుర్తించింది. హక్కుకు థర్మామీటరు పెట్టి ఫలితం చూడరు.

5. లెక్కలో లేనివి

ఇక హ్వాంగ్ పద్ధతి పరిమితులు. ఈ పరిశోధనల్లో లెక్కకు వచ్చినవాళ్లు ఎక్కువమంది వసతి గృహానికో, ఆసుపత్రికో, గణకుడికో చిక్కినవాళ్లు. వంతెన కింద పడుకుని ఎవరి రిజిస్టరులోకీ ఎక్కనివాడు చావులో కూడా లెక్కకు రాడు. టొరంటో ప్రజారోగ్య శాఖ వసతి గృహాల బయటి మరణాలను కూడా కలిపి లెక్కించడం మొదలుపెట్టింది 2017లోనే. అంతకు చాలాముందు నుంచే ఆ నగరంలోని హోలీ ట్రినిటీ చర్చి దగ్గర ఇలా చనిపోయినవారి పేర్లు రాసి, నెలనెలా జనం కూడి చదువుతున్నారు. పేరు తెలియనివారికి ఇంగ్లీషువాళ్లు అనామకులకు వాడే జాన్ డో, జేన్ డో అన్న పేర్లే రాస్తారు. ప్రభుత్వం లెక్కించనప్పుడు జనం లెక్కించారు. సాహిత్యం చెయ్యవలసిన పనికి ఇది దగ్గరి పని.

రెండో పరిమితి ఇంతకంటే మౌలికమైనది. 2000 నాటి వ్యాసం 1995-97 మరణాల గురించినది. పట్టికలో ఆ సంవత్సరాలు ఒక కాలపరిధి మాత్రమే. చరిత్రలో అవి వేరు. కెనడా కేంద్ర ప్రభుత్వం 1993లో కొత్త ప్రభుత్వ గృహాలకు డబ్బివ్వడం మానుకున్నది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 1995లో పేదలకిచ్చే భృతిని నూటికి 21.6 వంతులు కోసింది. ఆ కోతకూ ఫలానా చావుకూ సంబంధం ఉన్నదని పట్టిక రుజువు చెయ్యదు. కాని ఆ కోత గురించి తెలియకుండా ఆ పట్టికను చదవడం, కరువు సంగతి తెలియకుండా వలసల లెక్క చదవడం వంటిది.

మూడోది, ‘ముందు ఇల్లు’ పథకంలోని ఇల్లు ఎవరిది? ఎక్కువగా ప్రైవేటు యజమానులది. అద్దెకుండే మనిషి తన ఆదాయంలో నూటికి 30 వంతుల దాకా కట్టాలి, మిగతాది ప్రజాధనం. ఇల్లు సరుకుగానే ఉన్నది, కొన్నవాడు మారాడు. అద్దెలు పెరిగినకొద్దీ అంతే డబ్బుతో తక్కువమందికే ఇల్లు దొరుకుతుంది. మనుషులను ఇల్లులేనివాళ్లుగా తయారుచేసే యంత్రం ఒకవైపు తిరుగుతూ ఉండగా, అందులోంచి బయటపడినవారిని ఏరుకునే పని ఇది.

కనుక ఇది సంస్కరణవాదమని కొట్టిపారేద్దామా? మన సంఘాల్లో ఆ మాట తేలిగ్గా వినిపిస్తుంది. ఒప్పుకోను. టొరంటోలో ఆరేళ్ల తరువాత చూసినా ఇల్లు పొందిన గుంపువారే ఎక్కువగా ఇళ్లలో నిలిచి ఉన్నారని తేలింది. తాళంచెవి జేబులో పెట్టుకున్న ఆ మనిషికి, తన ఇల్లు ఉత్పత్తి సంబంధాలను మార్చలేదు గనుక అది ఇల్లు కాదని చెప్పే అర్హత మనలో ఎవరికీ లేదు. ఆ పరిశోధన ఎక్కడ ఆగిందో చెప్పాలి. ఎంతదూరం నడిచిందో కూడా చెప్పాలి.

6. మన రచయితలకు

మన భాషలో ఈ వస్తువు కొత్తది కాదు. శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ కవితలో దారిపక్కనున్న ముసలి బిచ్చగత్తెను చూపి, ఆమె చావుకు బాధ్యులెవరన్న ప్రశ్న వేసి వదిలారు. ఆనాటికి ఆ ప్రశ్న వెయ్యడమే గొప్ప. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా మనం అదే ప్రశ్నను అదే స్వరంతో మళ్లీమళ్లీ వెయ్యడం ఆయన వారసత్వం కాదు. జవాబు వెతకడం వారసత్వం. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఎందుకు నిలిచాయి? పోలీసుస్టేషనూ కోర్టూ లోపల ఎలా పనిచేస్తాయో, చట్టం పేదవాడి దగ్గరకు వచ్చేసరికి ఏ రూపం తీసుకుంటుందో వకీలుగా ఆయనకు తెలుసు. దోపిడీ అన్న మాటకు బదులు దోపిడీ జరిగే తీరు రాశారు. ఆసుపత్రి ఓపీ చీటీ, రేషన్ కార్డు, చిరునామా రుజువు, రాత్రి ఆశ్రయంలో చాప కోసం వరుస, వీటి గురించి మనకు అంత తెలుసా?

మన దేశంలో 2011 జనాభా లెక్కల్లో ఇల్లులేని వారు 17.7 లక్షల పైచిలుకు. ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, ప్లాట్‌ఫారాల మీద, వంతెనల కింద, పెద్ద సిమెంటు గొట్టాల్లో పడుకున్నవారిని ఆ ఒక్క రాత్రి లెక్కించారు. వారు ఎక్కడ పడుకున్నారో ఆ లెక్క చెబుతుంది. ఏ వయసులో, దేనివల్ల చనిపోతున్నారో చెప్పదు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం మీ ఊళ్లో ఏ భవనంగా మారిందో, అందులో రాత్రి ఎవరు పడుకుంటున్నారో, పగలు వారిని ఎన్నింటికి బయటకు పంపుతున్నారో చూసి రావడానికి ఏ పరిశోధన నిధులూ అక్కర్లేదు.

అంకెలు కథ కావు. హ్వాంగ్ వ్యాసాన్ని సంభాషణల్లోకి మారిస్తే అది చెడ్డ కథ అవుతుంది. కాని కథకుడు తెలుసుకోవలసింది అందులో ఉన్నది: ఇల్లులేని మనిషి చావుకు వయసు ఉన్నది, రోగం ఉన్నది, రోగం వెనుక దెబ్బ ఉన్నది, దెబ్బ వెనుక పనీ ఇల్లూ ఉన్నాయి, వాటి వెనుక ఫలానా సంవత్సరంలో ఫలానా ప్రభుత్వం చేసిన నిర్ణయం ఉన్నది. ఇన్ని మెట్లనూ దాటేసి మనం చలి దగ్గర ఆగిపోతున్నాం. ఇకముందు అలాంటి కథ చదివినప్పుడు, చనిపోయిన మనిషి వయసెంతో, అతను చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏమి జరిగిందో రచయితకు తెలుసా అని అడగడం విమర్శకుల బాధ్యత. తెలియకపోతే ఆ కథలో కరుణ ఎంత ఉన్నా అది సామాజిక వాస్తవికత కాదని చెప్పడానికి మనం మొహమాటపడనక్కర్లేదు.